మా తోడికోడలితోనే మాట్లాడే దేవుడు

ఇప్పుడు చేతికర్ర లేకుండా గేటు దాకా వెళ్ళి పాలపాకెట్టు తెచ్చుకుంటున్నాను కాబట్టి ఇది రాసే ధైర్యం వచ్చింది. మంచం మీద ఉన్నప్పుడు రాసి ఉంటే ఇందులో ఏడుపూ తిట్లూ తప్ప ఇంకేమీ ఉండేది కాదు. వెన్నుపూసలో టి.బి. అని తేలినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ముందే ఒక మాట చెబుతాను, గుండె జారిపోనివ్వకండి. మందులు ఓపిగ్గా మింగితే తగ్గే జబ్బే అది. అయితే నాకు పట్టిన జబ్బు అదొక్కటే కాదు. రెండోది కుళ్ళు. దానికి ఏ డాక్టరూ మందు రాయలేదు, ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

మా ఇల్లు మేడ్చల్‌లో, రైలు స్టేషనుకు దగ్గర. కింద నేను, మా ఆయన యోహాను, మా అత్తమ్మ ఉంటాం. పై అంతస్తులో మా మరిది, అతని భార్య స్వరూప. మా అమ్మాయి పెళ్ళయి నిజామాబాద్ వెళ్ళిపోయింది. మా ఆయన షామీర్‌పేట దగ్గర ఒక మందుల కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తాడు. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని. మా తాత కాలం నుంచి మేము క్రైస్తవులం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆదివారం ఆరాధన మానింది లేదు. పెళ్ళయిన ఏడాది నుంచి మా సంఘంలో సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నది నేనే.

స్వరూప రావల్కోల్‌లో కూరగాయలు పండించే ఇంటి పిల్ల. పెళ్ళికి ముందు చర్చి గడప తొక్కి ఎరగదు. కొత్తలో పాటల పుస్తకంలో పేజీ కూడా నేనే తీసి చేతికిచ్చేదాన్ని. అలాంటిది, బాప్తిస్మం తీసుకుని ఏడాది తిరగకుండానే ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో లేచి నిలబడి, ప్రభువు తనతో మాట్లాడాడని చెప్పింది. మా మరిది బహదూర్‌పల్లిలో కొనబోతున్న ప్లాటు వద్దని ఆ ప్రభువే అన్నాడట. మరిది మొహం మాడ్చుకుని మానేశాడు. ఆరు నెలల్లో ఆ స్థలం మీద కోర్టు కేసు ఉందని బయటపడింది. ఆ తర్వాత ఎదురింటివాళ్ళ అబ్బాయి అలిగి ఇల్లు వదిలిపోతే, పొద్దుగూకకముందే వస్తాడంది. వచ్చాడు. ఇంకేముంది, మా సంఘమంతా ఆమె చుట్టూ చేరింది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. పెళ్ళి సంబంధమైనా, ఇల్లు మారడమైనా, ఉద్యోగం మారడమైనా ముందు ప్రార్థనలో పెడతాం. అంటే శుక్రవారం కూడికలో అందరి ముందూ చెప్పి, ఎవరికో ఒకరికి దేవుడి దగ్గర నుంచి మాట వచ్చేదాకా ఆగుతాం. అంతకుముందు మా పాస్టరు అయ్యగారు చెప్పేవారు. స్వరూప వచ్చాక అయ్యగారు కూడా ప్రార్థన ముగించి ఆమె మొహం చూడసాగారు.

నాకు కడుపు రగిలిపోయేది. నేను రోజూ తెల్లవారుజామున లేచి వాక్యం చదువుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంటాను. ఏళ్ళ తరబడి కూర్చున్నాను. నాకు వినబడిందల్లా పైవాళ్ళ నీళ్ళ మోటారు, హైవే మీద లారీలు, అత్తమ్మ దగ్గు. ఒకచోట కుదరడం లేదేమోనని కొన్నాళ్ళు వంటింట్లో, కొన్నాళ్ళు డాబా మీద కూర్చున్నాను. ఎక్కడ కూర్చున్నా అంతే. నాలో ఏం తక్కువైందని, నిన్నగాక మొన్న వచ్చినదానితో ముచ్చట్లేమిటని దేవుడితోనే తగువు పెట్టుకున్నాను. దానికీ జవాబు లేదు.

వర్షాకాలం

బడి తెరిచిన కొత్తలో వీపు కింది భాగంలో నొప్పి మొదలైంది. నిలబడి పాఠం చెప్పేవాళ్ళకు ఇది మామూలే అనుకున్నాను. గుంతల రోడ్డు మీద స్కూటీ నడిపితే నడుము ఉంటుందా అన్నాడు మా ఆయన. బామ్ రాసుకున్నాను, కాపడం పెట్టుకున్నాను, వీధి చివరి డాక్టరు దగ్గర సూదులు వేయించుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. అన్నం సయించేది కాదు. జాకెట్లు వదులయ్యాయి. స్టాఫ్ రూములో తోటి టీచర్లు సన్నబడ్డావంటే లోపల సంతోషపడ్డాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే జాలేస్తుంది.

బోనాల సెలవునాడు తోటకూర తరగడానికి కింద కూర్చున్నాను, లేవలేకపోయాను. నా కేక విని స్వరూప మెట్ల మీది నుంచి పరిగెత్తుకొచ్చి చంకల కింద చేతులు వేసి లేపింది. పేట్ బషీరాబాద్‌లో స్కానింగు తీయించి, అక్కడికి దగ్గర్లోనే ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మా ఆయన కాగితాలు పట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరుగుతుంటే, నేనూ స్వరూపా కుర్చీల్లో కూర్చున్నాం. పక్కన షామీర్‌పేట నుంచి వచ్చిన ఒకామె ఉంది. చెరువులో చేపలు పట్టే ఇంటివాళ్ళు. ఆమె భర్తకు లోపల ఏదో పరీక్ష చేస్తున్నారు. కాసేపు మా ఇద్దరినీ చూసి, స్వరూప చేయి పట్టుకుని తన మనిషి కోసం మొక్కమని అడిగింది. బైబిలు నా ఒళ్ళో ఉంది. స్వరూప చేతిలో ఉన్నది మంచినీళ్ళ సీసా. అయినా ఆమె స్వరూపనే అడిగింది! నడుము నొప్పి కంటే ఆ క్షణం నన్ను అదే ఎక్కువ బాధ పెట్టింది.

లోపల డాక్టరు వెన్నుపూసలో టి.బి. అని చెప్పాడు. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు, నీ నుంచి ఎవరికీ అంటుకోదు అని కూడా చెప్పాడు. ఆ మాట మా అత్తమ్మ చెవికెక్కలేదు. ఇంటికొచ్చిన మర్నాడే నాకు ఒక స్టీలు పళ్ళెం, గ్లాసు వేరు చేసి కిటికీలో పెట్టింది. ఆమెను తప్పు పట్టలేను, ఆమె తోబుట్టువు ఆ జబ్బుతోనే పోయిందట. కానీ ఆ పళ్ళెం చూసినప్పుడల్లా సగం అన్నం వదిలేసేదాన్ని. ఒకరోజు స్వరూప కిందికి వచ్చి, ఆ పళ్ళెంలోనే అన్నం పప్పు కలుపుకుని అత్తమ్మ ఎదుటే కూర్చుని తిన్నది. మరుసటి రోజు నుంచి పళ్ళెం అందరి గిన్నెల్లో కలిసిపోయింది. నేను కృతజ్ఞతతో ఏడవాల్సింది. ఏడ్చాను కానీ, ఈ మంచి పని కూడా దీనికే తోచాలా అని ఏడ్చాను.

దసరా సెలవులు

మందులు అప్పటికే మొదలయ్యాయి. పొద్దున్నే పరగడుపున గుప్పెడు మాత్రలు, కడుపులో తిప్పుడు, ఎర్రగా మూత్రం. నడుముకు గట్టి బెల్టు. పడుకోవడం, బెల్టు పెట్టుకుని కాసేపు కూర్చోవడం, మళ్ళీ పడుకోవడం. స్వరూప బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగు పనికి పోయేది. పొద్దున పోయేముందు వచ్చి నాకు తల దువ్వి జడ వేసేది. నేను గోడ వైపు తిరిగి దువ్వించుకునేదాన్ని.

ఒకరోజు బాత్రూము నుంచి వస్తుంటే అత్తమ్మ, చెప్పు అక్కడే వదిలేశావేంది అని అడిగింది. చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. అది జారిపోయిన సంగతి కాలికి తెలియలేదు. అప్పుడు పట్టుకుంది నాకు భయం. అంతకుముందు ఉన్నది నొప్పే, భయం కాదు.

డాక్టరు చూసి, చీము చేరి నరం మీద ఒత్తుతోందని, ఆపరేషన్ చేయాలని, ఆలస్యం చేస్తే కాళ్ళు పూర్తిగా పడిపోవచ్చని చెప్పాడు. మా ఆయన తల ఊపాడు. ఆటోలో ఇంటికొస్తూ ప్రార్థనలో పెడదామన్నాడు. మనిషి మంచివాడే, కానీ సొంతంగా ఒక చొక్కా గుడ్డ కూడా ఎంచుకోలేడు. వెన్నెముక మీద కత్తి పెట్టించే నిర్ణయం అతని వల్ల ఎక్కడవుతుంది? స్వరూప ఒక్క మాట చెబితే తనకు ధైర్యంగా ఉంటుందన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"నడుము నాది. నా నడుము ముచ్చట దేవుడు దానికి జెప్తడా?" అన్నాను.

ఆటో డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

ఆ శుక్రవారం ప్రార్థనలో పెట్టాడు. నేను వెళ్ళే స్థితిలో లేను. వచ్చాక చెప్పాడు: అందరూ ఎదురుచూశారట, స్వరూప తల వంచుకుని కూర్చుందట, ఒక్క మాట చెప్పలేదట. తర్వాతి శుక్రవారమూ అంతే. దేవుడు మౌనంగా ఉన్నాడంటే ఆగమని అర్థం కావచ్చు అన్నారట అయ్యగారు. ఇంకొకామె, ఎప్పుడూ మాట్లాడే స్వరూపే మాట్లాడటం లేదంటే అది వద్దన్నట్టే అని తేల్చిందట. దాంతో మా ఆయన ఆసుపత్రికి ఫోను చేయడం మానేశాడు.

స్వరూప రోజూ వచ్చి నా జడ వేస్తూనే ఉంది. దేవుడు నీకేం చెప్పాడే అని ఒక్క ముక్క అడిగితే సరిపోయేది. అడగలేదు. అడిగితే దేవుడు దాని దగ్గరే ఉన్నాడని ఒప్పుకున్నట్టే కదా. ఆమె కూడా నోరు తెరవలేదు. బొడ్డు కింది నుంచి కాళ్ళు ఎవరివో అన్నట్టు అవుతుంటే, నేను మాత్రం తెల్లవారుజామున మంచం మీదనే కళ్ళు మూసుకుని, ఈ ఒక్కసారికి ఆమెకంటే ముందు నాతో మాట్లాడు ప్రభువా అని పట్టుబట్టేదాన్ని. బాగుచేయమని కాదు, ఆమెకంటే ముందు మాట్లాడమని.

సెమీ క్రిస్మస్ రోజులు

క్రిస్మస్ ఇంకా రాకముందే వీధుల్లో కాగితం నక్షత్రాలు వేలాడుతున్నాయి. ప్రతి సాయంత్రం ఏదో ఒక సంఘం వాళ్ళ మైకు వినబడుతోంది. మాత్రలు రాయించుకోవాలని నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈసారి చక్రాల కుర్చీ. డాక్టరు ఎడమ కాలి బొటనవేలు పైకి లేపమన్నాడు. నేను లేపాననే అనుకున్నాను. చూస్తే అది కదల్లేదు. ఇన్నాళ్ళు ఎందుకు ఆగారని అడిగితే, ఇంట్లో ఇంకా అనుకుంటున్నామని మా ఆయన నసిగాడు. ఏమనుకోవడానికి ఉంది ఇందులో అని డాక్టరు గట్టిగానే కోప్పడ్డాడు. బయట కూర్చుని సాయంత్రంలోగా తేల్చి చెప్పమన్నాడు.

మా ఆయన చాయ్ తెస్తానని వెళ్ళిపోయాడు. మొహం చాటేయడానికే వెళ్ళాడని నాకు తెలుసు. నా పక్కన స్వరూప ఉంది. కంపెనీకి సెలవు పెట్టి వచ్చింది. కదలని వేలు చూశాక ఇంక నాకు మానం అభిమానం మిగల్లేదు.

"ఆపరేషను వద్దని నీతోని చెప్పిండంట గదా దేవుడు?" అన్నాను.

"ఎవరన్నరక్కా?"

"అందరు. శుక్రవారం శుక్రవారం నువ్వు నోరిప్పుతలేవంట. గదే వద్దన్నట్టంట. మీ బావ గందుకే ఆగిండు."

ఆమె మొహం తెల్లబోయింది. నా కుర్చీ చక్రం గట్టిగా పట్టుకుంది.

"నాకేం వినవడలే అక్కా. చెయ్యమన్లే, వద్దన్లే. నీ గురించి ఎప్పుడడిగినా ఏం లేదు. నువ్వు పుట్టిన కాడ్నుంచి ప్రభువునెరిగినదానివి. నీ సంగతి నీతోనే చెప్తడు, నాతోని ఎందుకు చెప్తడనుకున్న. నువ్వెప్పుడు చెప్తవా అని నేను జూస్తున్న."

ఆమె నా కోసం ఆగిందట! నేను ఆమె మీద కుళ్ళుకుంటూ ఆగాను. మా ఆయన ఆమె మాట కోసం, అయ్యగారు దేవుడి మాట కోసం ఆగారు. డాక్టరు ఒక్కడే ఎప్పుడో మాట చెప్పేశాడు, అది ఎవరి చెవికీ ఎక్కలేదు.

"నాతోని ఎన్నడు మాట్లాడలే స్వరూపా," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. మా అమ్మకు కూడా చెప్పలేదు.

"ఎన్నడు?"

"ఎన్నడు."

ఆమె చాలాసేపు నా మొహంలోకి చూసింది. జాలి చూపిస్తే చెంప పగలగొడదామనుకున్నాను. జాలి లేదు. ఆ చూపు నేను బాగా ఎరుగుదును. ఏళ్ళ తరబడి నేను ఆమెను చూసిన చూపే అది.

"ఒక్క మాట గూడ వినకుండ గిన్నేండ్లు ఎట్ల నమ్మినవక్కా? నావల్లయితే కాదు," అంది.

మా ఆయన చాయ్ కప్పులతో వచ్చేసరికి నేను నిర్ణయం తీసేసుకున్నాను. ఏ స్వరమూ చెప్పలేదు, నేనే చెప్పాను, నన్ను ఇవాళే చేర్పించమని. అతను అలవాటుగా స్వరూప వైపు చూశాడు. తనకు ఏమీ వినబడలేదని, అక్క చెప్పినట్టు చేయమని ఆమె గట్టిగా చెప్పింది. అతను చాయ్ కింద పెట్టి కౌంటరు వైపు నడిచాడు.

ఆపరేషన్ గది బయట స్ట్రెచర్ మీద కాసేపు ఒక్కదాన్నే ఉన్నాను. ఇప్పుడైనా మాట్లాడు అని అడిగాను. ఏసీ మోత తప్ప ఏమీ లేదు. ఒక నర్సు వచ్చి నా పాదాలు పట్టుకుని చూసి, మస్తు సల్లగున్నయ్ గదమ్మా అని ఇంకో దుప్పటి తెచ్చి కప్పింది. అదే దేవుడి స్వరం అని చెప్పేవాళ్ళు ఉన్నారు. నేనలా అనను. అది నర్సు గొంతు. కానీ ఆ దుప్పటిని నేను మరచిపోను.

శ్రమల కాలం

ఈస్టరుకు ముందరి ఉపవాసాల రోజులు వచ్చినా కాళ్ళకు బలం ఒక్కసారిగా రాలేదు. ముందు కుడి కాలు దారికొచ్చింది. ఎడమ వేలు కదలడానికి చాలా రోజులు పట్టింది. అది కదిలిన రోజు అత్తమ్మ ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించింది.

నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు జరిగిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ శుక్రవారమే స్వరూప కూడికలో లేచి, యోహాను బావ ఇన్నాళ్ళు నా మౌనం చూసి ఆగాడు, అది తప్పు, నాకు దేవుడు ఏమీ చెప్పలేదు అని అందరి ముందూ చెప్పిందట. ఆమెకు దేవుడిచ్చిన అభిషేకం, ఆ వరం, పోయిందని కొందరు గుసగుసలాడారు. మా ఇంటి మెట్లెక్కి ఆమె చేత ప్రార్థన చేయించుకోవడానికి వచ్చే జనం తగ్గిపోయారు. అబద్ధమెందుకు, ఆ మాట విన్నప్పుడు నా లోపల ఒక మూల హాయిగా అనిపించింది. ఆ తర్వాత మళ్ళీ కుళ్ళు పట్టుకుంది. అంతమంది ముందు నాకేమీ వినబడలేదని చెప్పడానికి ఎంత గుండె కావాలి! ఏ రోజూ ఏమీ వినబడని నేను, ఆ మాట సంఘంలో ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను.

ఈస్టర్ తర్వాత

మా డాబా మీద కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. షామియానా, బగారన్నం, సంఘమంతా వచ్చారు. నేను కర్ర పట్టుకుని నా అంతట నేనే మెట్లెక్కాను. సాక్ష్యం చెప్పమన్నారు. ప్రభువు నీతో ఎప్పుడు మాట్లాడాడో చెప్పమ్మా, నలుగురికీ బలంగా ఉంటుంది అంది అయ్యగారి భార్య, మా పాస్టరమ్మ. అందరూ నా మొహం వైపే చూస్తున్నారు. అలా చూస్తారనే నేను జన్మంతా కోరుకున్నాను. ఒక చక్కని మాట అల్లి చెప్పడం నాకు చేతగానిదేం కాదు, తెలుగు టీచర్ని.

"ప్రభువు నాతోని ఏం మాట్లాడలే," అన్నాను. "మస్తుసార్లు అడిగిన. ఎన్నడు వినవడలే. డాక్టరు చెయ్యమన్నడు, చేయించుకున్న. రేపు గూడ లేసి ప్రభువునే అడుగుత."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరమ్మ గబగబా పాట ఎత్తుకుంది. నేను కూర్చున్నాను.

జనం వెళ్ళిపోయాక స్వరూప బగారన్నం వండిన డేగిసా కడుగుతోంది. నేను పక్కన కుర్చీలో కూర్చుని, ఇప్పుడేమన్నా వినబడుతోందా అని అడిగాను. ఆ ఆసుపత్రి రోజు నుంచి ఏమీ లేదంది.

"మరేం జేస్తున్నవ్?"

"నువ్వు జేసినట్టే అక్కా. పొద్దున లేసి ఊకె కూసుంటున్న," అంది.

ఒక్కదానివే ఎందుకు, కిందికి రమ్మన్నాను.

మీలో ఎవరికైనా డాక్టరు ఫలానా పని చేయమంటే, ప్రార్థన చేయండి, కానీ ఆగకండి. ఆగితే కనీసం పక్కవాళ్ళను నోరు తెరిచి అడగండి. నేను చెప్పగలిగింది అంతే. స్వరూప ఇప్పుడు రోజూ కిందికి వస్తోంది. ఇద్దరం చాప మీద ఒకరు, కుర్చీలో ఒకరు కూర్చుంటాం. మొదటి రోజు కాసేపటికే నాకు అనుమానం వచ్చింది. మెల్లగా ఒక కన్ను తెరిచి ఆమె మొహం చూశాను. ఏమీ వినబడుతున్నట్టు లేదు. కాస్త ఊపిరి పీల్చుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.